రెండు పేర్ల వీరులు

మన సంఘముల సంచికలలో శ్రీకృష్ణదేవరాయలను గూర్చియు, తంజావూరు నాయకరాజులను గూర్చియు, త్యాగరాజస్వామిని గూర్చియు వ్యాసములు వచ్చుట పరిపాటి. వచ్చుట న్యాయమే. అట్టి మహనీయుల నడుమ, ఒడలికి నీలి దుస్తులు తొడిగి, ఎఱ్ఱని వస్త్రమును వీపున వ్రేలాడగట్టి, ఆకాశమున తిరుగు ఒక అమెరికా దేశపు బొమ్మల వీరుని తెచ్చి కూర్చుండబెట్టుట కొందఱు పెద్దలకు రుచింపకపోవచ్చును. కాని ఆ వీరునికిని మనకును ఒక చుట్టరికము కలదని నాకు చిరకాలముగా తోచుచున్నది. ఆ చుట్టరికము బలమును బట్టి వచ్చినది కాదు, పేరును బట్టి వచ్చినది.

సూపర్ హీరోలనబడు ఈ వీరులలో ఇంచుమించు అందఱికిని రెండేసి పేర్లు కలవు. ఒకటి గడప లోపల పిలుచునది, మఱియొకటి గడప వెలుపల చెల్లునది. మన కుటుంబములలో ఇది వింత కాదు. తమిళనాట స్థిరపడిన మనవారిలో పలువురకు ఇంటిపేరు పెండ్లి శుభలేఖలోను, తాతల కథలు చెప్పుకొనునపుడును మాత్రమే వినవచ్చును. బడి పట్టికలోను, ఆఫీసు కాగితములలోను తండ్రి పేరులోని మొదటి అక్షరమొక్కటే పేరు ముందు నిలుచును. భాష సంగతియు అట్టిదే. ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళమో కన్నడమో, ఒడియాయో మరాఠీయో, ఆఫీసులో ఇంగ్లీషు. సూపర్‌మ్యాన్ టెలిఫోను గదిలో దూఱి దుస్తులు మార్చుకొనుట దినమునకు ఒకమాఱు. మన నాలుక ఆ పని దినమునకు పదిమాఱులు చేయుచున్నది; దానికి గది కూడ అక్కఱలేదు.

నేను 38 ఏండ్లు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవాడను. బొమ్మల కథల పుస్తకములను పదియవ ఏటినుండి నేటివఱకును విడువక చదువుచున్నవాడను. కావున ఈ చరిత్రను గుమాస్తా చూచునట్లే చూచెదను: వ్రాసినవారెవరు, సంతకము చేసినవారెవరు, ఎవరికెంత ముట్టినది.

ఒహాయో రాష్ట్రములోని క్లీవ్‌లండ్ నగరమున 1930వ దశకములో ఇద్దఱు పడుచువాండ్రు ఉండిరి. జెర్రీ సీగెల్ కథలు వ్రాయువాడు. జో షుస్టర్ బొమ్మలు గీయువాడు. ఇద్దఱును 1914లో పుట్టినవారు, ఒకే ఉన్నత పాఠశాలలో చదివినవారు, ఐరోపానుండి వలస వచ్చిన యూదు కుటుంబముల బిడ్డలు. సీగెల్ తలిదండ్రులు లిథువేనియానుండి వచ్చిరి. షుస్టర్ కెనడాలోని టొరాంటోలో పుట్టి బాల్యముననే క్లీవ్‌లండ్ చేరెను. వీరు కల్పించిన వీరుడును వలస వచ్చినవాడే. క్రిప్టాన్ అను గ్రహము పగిలిపోవుచుండగా తండ్రి ఆ శిశువును చిన్న రాకెట్టులో పెట్టి భూమికి పంపెను. పుట్టినచోటి పేరు కాల్-ఎల్. పెంచినవారు పెట్టిన పేరు క్లార్క్ కెంట్. లోకము పిలుచు పేరు సూపర్‌మ్యాన్. లెక్కకు మూడు తేలుచున్నవి; కాని మొదటిది చాలకాలము అతనికే తెలియదు గనుక రెండని అనుకొనుటలో దోషము లేదు.

కొన్ని సంవత్సరములపాటు ఆ కథను ఎవ్వరును కొనలేదు. తుదకు 1938లో యాక్షన్ కామిక్స్ అను మాసపత్రిక మొదటి సంచికలో అది వెలువడెను. సంచిక వెల 10 సెంట్లు. ముఖచిత్రముపై వీరుడు ఒక మోటారు కారును తలపైకెత్తి బండకు కొట్టుచుండును. కథ 13 పుటలు. పుటకు 10 డాలర్ల చొప్పున 130 డాలర్లు ముట్టినవి. తలకు 65 డాలర్లు. ఆ మొత్తముతోనే వీరునిపై గల సర్వహక్కులును ప్రకాశకుల పరమైనవి.

ఆ 130 డాలర్లును ఇతర పనుల కూలియు కలిపి 412 డాలర్లకు ఇచ్చిన చెక్కు ఇప్పటికిని ఉన్నది. దానిపై ఇద్దఱి పేర్లును తప్పుగా వ్రాయబడినవి. అందుచేత వారు వెనుకవైపున తప్పు పేరుతో ఒకసారియు, సరియైన పేరుతో ఒకసారియు సంతకము చేయవలసివచ్చెను. నేను పనిచేసిన కచేరీలో అట్టి చెక్కు వచ్చియుండినచో, ఆక్షేపణ వ్రాసి, మూడు వారములకు తక్కువ కాకుండ తిరుగాడించి, క్రొత్తది తెప్పించియుందుము. అచ్చటివారు ఉదారులు. రెండు పేర్ల వీరుని పుట్టించినవారు తామే రెండు పేర్లతో సంతకము చేసి అతనిని అమ్ముకొనిరి. ఆ చెక్కు 2012లో వేలమున 1,60,000 డాలర్లకు అమ్ముడుపోయినది. ఆ మొదటి సంచిక ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లు పలికినది. 10 సెంట్ల పుస్తకమును పాత కాగితములవానికి తూకము వేసి అమ్మివేసిన తల్లులు అమెరికాలోను ఎందఱో ఉండిరనుటకు ఈ ధరయే సాక్ష్యము. ప్రతులు అంత అరుదైనవి.

ఆనాటి సూపర్‌మ్యాన్‌పై నాకు గల గౌరవము నేటివానిపై లేదు. అప్పుడతనికి ఎగురుట రాదు. మైలులో ఎనిమిదవ వంతు దూరము దుముకగలడు, అంతే. 1941లో ఫ్లైషర్ సోదరులు చలనచిత్రములు తీసిన తరువాతనే ఎగురుట స్థిరపడినది. కాని ఎగురనప్పుడు అతడు చేసిన పనులను చూడుడు. మొదటి సంచికలోనే భార్యను కొట్టుచున్న మగని గోడకు విసరెను. మూడవ సంచికలో, కూలీల ప్రాణములకు రక్షణ లేని గనిలోనికి ఆ గని యజమానినే అతిథులతో సహా దింపి, మట్టి పెళ్లలు కూలి దారి మూసికొనునట్లు చేసెను. అవి ఆర్థికమాంద్యపు రోజులు. చదువరులు కూలీల బిడ్డలు. ఇప్పటి సూపర్‌మ్యాన్ గ్రహములను నెట్టుచున్నాడు, కాలచక్రమును వెనుకకు త్రిప్పుచున్నాడు. గ్రహములు కదలినందువలన మన వీధికి ఏమి లాభము? గని యజమానికి బుద్ధి వచ్చుట మేలు.

అతనిని కూల్చు పచ్చని రాయి క్రిప్టోనైటు పుట్టుకయు చిత్రమైనది. అది మొదట పుస్తకములలో లేదు. 1943లో రేడియో నాటకములో వచ్చినది. వీరుడు ఆ రాయివలన మూర్ఛిల్లి మూలుగుచుండగా, అతనికి గొంతునిచ్చు నటుడు హాయిగా సెలవు తీసికొనెడివాడని చెప్పుదురు. సెలవు మంజూరగుటకు గ్రహాంతర శిలను కల్పించినవారి బుద్ధికుశలతను సర్వీసులోనున్నవారు గమనింతురు గాక.

ఇక క్లార్క్ కెంట్ కొలువు సంగతి. పత్రికా కార్యాలయములో విలేఖరి. ఎనుబది ఏండ్లు దాటినను పదవీవిరమణ లేదు. పని వేళలలో ఎన్ని మాఱులు కుర్చీ విడిచి మాయమైనను మెమో లేదు. అతని అతీతశక్తులన్నిటిలోను నాకు అన్నిటికంటె నమ్మశక్యము కానిది ఇదియే. కన్నులజోడు పెట్టుకొన్నంతమాత్రమున ప్రక్కబల్ల వద్ద కూర్చుండు లోయిస్ లేన్ అతనిని ఆనవాలు పట్టలేకపోవుట నవ్వులాటయని పలువురు అందురు. నేను అనను. విరాటుని కొలువున భీముడు వంటశాలలో వలలుడై, అర్జునుడు నాట్యశాలలో బృహన్నలయై, ద్రౌపది అంతఃపురమున సైరంధ్రియై ఒక సంవత్సరము గడపినపుడు ఎవ్వరును కనుగొనలేకపోయిరి గదా! తిక్కన సోమయాజి భారతమును ఆ పర్వముతోనే ప్రారంభించెను. అంతటి మహాకవి ముచ్చటపడిన సంగతిని మనము పరిహసింపరాదు. మనుష్యులు ఎదుటివాని ముఖమును చూడరు. వాడు కూర్చున్న కుర్చీని చూతురు. గుమాస్తా కుర్చీలో కూర్చున్నవాడు ఎంతటి బలశాలియైనను గుమాస్తాగానే కనబడును. ఇది నేను 38 ఏండ్లు ఆ కుర్చీలోనుండి చూచిన సత్యము.

ఈ రెండు పేర్ల ఆలోచన వారికి ఎట్లు వచ్చెనని అడిగినచో, ఆ పుస్తకములు వ్రాసిన, గీసిన వారి పేర్లనే చూడవలెను. స్టాన్ లీ అని లోకము ఎఱిగినవాని అసలు పేరు స్టాన్లీ లీబర్. రుమేనియానుండి వచ్చిన కుటుంబము. జాక్ కర్బీ పుట్టు పేరు జాకబ్ కర్ట్జ్‌బర్గ్. బ్యాట్‌మ్యాన్‌కు కర్తయని చెప్పుకొన్న బాబ్ కేన్, రాబర్ట్ కాన్‌గా పుట్టినవాడు. ఫాంటమ్‌ను సృష్టించిన లీ ఫాక్, లియాన్ గ్రాస్‌గా పుట్టినవాడు. ఆ రోజులలో మంచి పత్రికలలోను, ప్రకటనల కంపెనీలలోను యూదులకు ఉద్యోగము దొరకుట దుర్లభము. బొమ్మల పుస్తకములు తక్కువ కులపు వ్యాపారముగా ఎంచబడుటచేత ఆ తలుపు తెఱచియుండెను. లోపలికి పోవునపుడు పేరు కొంత కత్తిరించుకొనిరి. స్టాన్ లీ అయితే, మునుముందు వ్రాయబోవు గొప్ప నవల కొఱకు అసలు పేరును భద్రముగా దాచుకొంటినని చెప్పెడివాడు. ఆ నవల వెలువడలేదు. తుదకు ఆ దొంగపేరునే చట్టప్రకారము సొంతపేరు చేసికొనెను.

అయితే పేరు కుదించుకొన్నవారు గుండెను కుదించుకొనలేదు. జో సైమన్, జాక్ కర్బీలు కలిసి రూపొందించిన కెప్టెన్ అమెరికా మొదటి సంచిక 1940 డిసెంబరులో అంగళ్లకు వచ్చెను. ముఖచిత్రముపై ఆ వీరుడు హిట్లరు దవడపై గ్రుద్దుచున్నాడు. అమెరికా యుద్ధమున దిగుటకు ఇంకను ఒక సంవత్సరమున్నది. దేశ ప్రభుత్వము ఆలోచించుచుండగా ఇద్దఱు చిత్రకారులు ముందే యుద్ధము ప్రకటించిరి.

పేర్ల చిక్కులలో నాకు మిక్కిలి వినోదము కలిగించునది కెప్టెన్ మార్వెల్ కథ. 1940లో ఫాసెట్ అను ప్రచురణ సంస్థ ఇతనిని వెలువరించెను. బిల్లీ బాట్సన్ అను అనాథ బాలుడు ఒక మంత్రమును ఉచ్చరించిన వెంటనే మహావీరుడగును. మంత్రము షజామ్. ఇంగ్లీషు వ్రాతలో అందలి ఆఱు అక్షరములు ఆఱుగురు పెద్దల పేర్ల మొదటి అక్షరములు: సాలమన్, హెర్క్యులీస్, అట్లాస్, జూస్, అకిలీస్, మెర్క్యురీ. పెద్దల పేర్ల మొదటి అక్షరములే తనకు బలమని నమ్ముటలో ఇతడు పూర్తిగా మన తమిళనాటి తెలుగువాడే. మనకు ఒక్క తండ్రి అక్షరము, ఇతనికి ఆఱు, అదే భేదము. పుస్తకములు సూపర్‌మ్యాన్‌ను మించి అమ్ముడుపోయెను. అంతట సూపర్‌మ్యాన్ యజమానులు, ఇతడు మా వీరునికి నకలని 1941లో వ్యాజ్యము వేసిరి. అది పండ్రెండేండ్లు నడచి 1953లో రాజీ కుదిరెను. ఫాసెట్ 4 లక్షల డాలర్లు చెల్లించి, ఆ వీరుని మానుకొనెను. బందిపోట్లు, పిచ్చి శాస్త్రజ్ఞులు, రాక్షసులు ఎవ్వరును ఓడింపలేనివానిని వకీళ్లు ఓడించిరి.

కథ ఇంతటితో ముగియలేదు. తరువాత ఆ సూపర్‌మ్యాన్ యజమానులే ఇతనిని తెచ్చుకొని 1973లో మరల ప్రచురింపబోగా, ఈ నడుమ కెప్టెన్ మార్వెల్ అను పేరును మఱియొక సంస్థ తన పుస్తకమునకు వాడుకొనుచుండెను. అందుచేత తన పుస్తకపు అట్టపైననే తన పేరు వేసికొనుటకు ఇతనికి వీలులేకపోయెను. మంత్రమునే పుస్తకమునకు పేరుగా పెట్టిరి. ఇటీవలి కాలములో వీరుని పేరునే షజామ్ అని మార్చిరి. ఫలితమేమనగా, ఎవరైన నీ పేరేమని అడిగినచో చెప్పుటకు లేదు. చెప్పెనా, పిడుగు పడి రూపము మాఱును. జనాభా లెక్కలు వ్రాయువాడు ఆ యింటికి పోకుండుట మంచిది.

స్త్రీలను గూర్చి వ్రాయలేదని మన సంఘపు మహిళా విభాగమువారు కోపింపకుందురు గాక. వండర్ వుమన్‌ను కల్పించినవాడు విలియం మౌల్టన్ మార్‌స్టన్, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. రక్తపుపోటును కొలిచి అబద్ధమును పట్టు పరీక్షను కనిపెట్టినవాడితడే. కావుననే ఆమె చేతి త్రాడు చుట్టుకొన్నవాడు నిజము చెప్పితీరును. 1941 తుదిలో ఆమె తొలిసారి కనబడెను. ఆమె బయటి పేరు డయానా ప్రిన్స్. ఆ పేరు ఆమెది కాదు. తన పోలికలోనున్న ఒక నర్సు పెండ్లికి డబ్బు లేక దుఃఖించుచుండగా, ఆమెకు సొమ్మిచ్చి, పేరును, ఉద్యోగపు కాగితములను పుచ్చుకొనెను. పేరును రొక్కమిచ్చి కొన్న వీరురాలు ఈమె యొక్కతెయే కాబోలు. ఇంతటి వీరురాలిని 1942లో జస్టిస్ సొసైటీ అను వీరుల సంఘములో చేర్చుకొని ఏమి చేసిరనగా, కార్యదర్శినిగా నియమించిరి. పలు కథలలో మగ సభ్యులు సాహసములకు బయలుదేరగా, ఆమె సమావేశపు గదిలోనే నిలిచిపోయెను. ఈ సంగతిని నేను మా కమిటీలోని ఒక సోదరికి చెప్పగా, ఆమె నవ్వక, మినిట్సు పుస్తకమును నా ముందుకు త్రోసి, ఈసారి మీరు వ్రాయుడు అన్నయ్యగారూ అనెను.

1954లో ఈ పుస్తకములకు పెద్ద గండము వచ్చినది. ఫ్రెడ్రిక్ వెర్థమ్ అను మానసిక వైద్యుడు ఇవి బిడ్డలను చెఱచునని గ్రంథము వ్రాసెను. అమెరికా సెనేటు ఉపసంఘము విచారణ జరిపెను. ప్రచురణకర్తలు భయపడి తమకు తామే ఒక నియమావళి ఏర్పఱచుకొనిరి. ప్రతి కథలోను మంచియే గెలువవలెను, పిశాచములు కనబడరాదు మొదలగునవి. ఆ ముద్ర 2011 వఱకు నిలిచెను. వెర్థమ్ చూపిన సాక్ష్యములలో కొన్ని మార్చి వ్రాసినవని కరోల్ టిల్లీ అను పరిశోధకురాలు అతని కాగితములనే పరిశీలించి 2012లో వెల్లడించెను. బిడ్డలకు నిజాయితీ నేర్పబూనినవాని దస్త్రములోనే దిద్దుబాట్లుండుట గుమాస్తాకు నవ్వు తెప్పించును.

1961 తరువాత స్టాన్ లీ, కర్బీ, స్టీవ్ డిట్కోల చేతులలో వీరులు మనుష్యులైరి. స్టాన్ లీకి పేర్లు జ్ఞాపకముండవు. కాబట్టి రెండు మాటలకును ఒకే మొదటి అక్షరము పెట్టెడివాడు: పీటర్ పార్కర్, రీడ్ రిచర్డ్స్, బ్రూస్ బ్యానర్. మన పద్యములలో యతి ఎట్లు జ్ఞాపకశక్తికి ఊతయో, ఇదియు అట్టిదే. అయినను హల్క్ అను భీకరాకారుని అసలు పేరు బ్రూస్ బ్యానర్ అను సంగతి మఱచి, కొన్నిచోట్ల బాబ్ బ్యానర్ అని వ్రాసెను. చదువరులు ఉత్తరములు వ్రాయగా, అతని పూర్తి పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్ అని సమాధానమిచ్చెను. ఆ హల్క్ 1962లో మొదటి సంచికలో బూడిదరంగువాడు. అచ్చులో ఆ రంగు సరిగా కుదరక రెండవ సంచికకు పచ్చనివాడయ్యెను. పేరు మాఱినది, రంగు మాఱినది; ఇతని సర్వీసు రిజిస్టరును నాకు అప్పగింపకుండుట నా అదృష్టము.

వీరులందఱిలోను నాకు మిక్కిలి ఇష్టుడు స్పైడర్‌మ్యాన్. 1962లో పుట్టెను. న్యూయార్కులోని క్వీన్స్ ప్రాంతపు బాలుడు, తలిదండ్రులు లేనివాడు, పినతండ్రి చనిపోగా పినతల్లిని పోషింపవలసినవాడు. 1963 నాటి అతని సొంత పత్రిక మొదటి సంచికలో ఒక ఘట్టము గలదు. ప్రదర్శన చేసినందుకు స్పైడర్‌మ్యాన్ పేర చెక్కు ఇత్తురు. ముసుగుతోనే బ్యాంకునకు పోవును. అచ్చటి గుమాస్తా గుర్తింపు కాగితము చూపుమనును. లేదు. ఇట్టి దుస్తులు ఎవడైనను తొడుగవచ్చునని చెక్కును త్రిప్పి పంపివేయును. బొమ్మల కథల సమస్త చరిత్రలోను విధి తప్పక నిలిచిన ఉద్యోగి ఆ ఒక్కడే యని నా అభిప్రాయము. అదే సంచికలో స్పైడర్‌మ్యాన్ ఒక వీరుల బృందమును ఉద్యోగమడుగబోయి, జీతమెంతయని ప్రశ్నించును. ఇచ్చట జీతము లేదని వారందురు. ఇంటి అద్దె కట్టవలసిన వీరుడు అట్లు అడుగుట తప్పు కాదు. తుదకు తన ఫొటోలను తానే తీసి, తనను దొంగయని నిందించు పత్రికాధిపతికి అమ్ముకొని పినతల్లికి మందులు కొనుచుండెను. ఒక పేరుతో నింద పడి, మఱియొక పేరుతో ఆ నింద కూలి పుచ్చుకొనుట!

ఇవి మనవైపునకు వచ్చిన విధము వేఱు. టైమ్స్ ఆఫ్ ఇండియావారి ఇంద్రజాల్ కామిక్స్ బొంబాయినుండి 1964లో ప్రారంభమై 1990 వఱకు నడచెను. దానిలో ముఖ్యుడు లీ ఫాక్ 1936లో సృష్టించిన ఫాంటమ్. ఇతడు సూపర్‌మ్యాన్‌కంటె రెండేండ్లు పెద్ద, అతీతశక్తులు లేవు, ఒడలికి అంటిన దుస్తులు, ముసుగు మాత్రము గలవు. హిందీ ప్రతులలో ఇతని పేరు వేతాళ్, బెంగాలీలో అరణ్యదేవ్. మనకో, చందమామలో విక్రమార్కుని భుజముపై ఎక్కి కథలు చెప్పి, చెట్టుకు ఎగిరిపోవు బేతాళుడు వేఱొకడు ఉండనే ఉండెను. హిందీ పుస్తకములోని వేతాళుడు గుఱ్ఱముపై తిరుగుచు దొంగలను గ్రుద్దుట చూచి, వీనికి శవము ఏది, చెట్టు ఏదియని మేము వెదకితిమి. ఫాంటమ్ నివసించు దేశము పేరు మూలములో బెంగాలును తలపించుచుండుటచే, భారతీయ ప్రతులలో దానిని డెంకాలి అని మార్చిరి. హోసూరు తాలూకాలో పెరిగిన మాకు డెంకాలి అనగా ప్రక్కనున్న దెంకణికోటయే. అచ్చట అడవి గలదు, ఏనుగులు గలవు; పుఱ్ఱె గుహ కూడ ఎచ్చటనో ఉండితీరవలెనని మా యీడువారి దృఢవిశ్వాసము.

ఫాంటమ్ కథలో లోపము లేకపోలేదు. నల్లజాతివారి అడవిలో వారికి శాంతి నేర్పుటకు తెల్లదొర కావలసివచ్చుట పాత దొరతనపు వాసన. పెద్దవాడనైన తరువాత అది నా ముక్కునకు తగిలినది. అయినను ఒక సంగతి నన్ను విడువలేదు. 1536లో ఓడ మునిగి, పరాయి తీరమున పడిన ఒకని వంశము అది. ఇప్పటి ఫాంటమ్ 21వ వాడు. తండ్రి పోగానే కొడుకు అదే ఉంగరము, అదే ముసుగు ధరించును; లోకము మాత్రము చావులేని ఒకే మనుష్యుడనుకొనును. మరణ ధృవీకరణ పత్రము లేదు, వారసత్వపు తగవు లేదు. గుహలో వరుసగా పేర్చిన పెద్ద పుస్తకములలో ప్రతి ఫాంటమును తాను చేసిన పనిని వ్రాసిపెట్టును. కుమారుడు వాటిని చదివి నేర్చును. పరాయి నేలపై నాలుగువందల ఏండ్లు నిలిచిన ఇల్లు ఆ పుస్తకములవలననే నిలిచినది. మన యిండ్లలో ఎన్నింట తాతల పేర్లు నాలుగు తరముల మీదికి వ్రాసియున్నవో ఎవరికి వారు లెక్కచూచుకొందురు గాక. మా యింట మూడు తరములకే కాగితము అయిపోయినది.

శివకాశినుండి 1972లో వెలువడిన ముత్తు కామిక్స్ తమిళ పిల్లలకు ఇరుంబుక్కై మాయావిని ఇచ్చినది. ఇనుపచేతి మాయావి యని అర్థము. ఇతడు ఇంగ్లండులో 1962లో పుట్టిన పాత్ర. పేరు లూయిస్ క్రాండెల్. విద్యుత్తు తగులగానే దేహమంతయు అదృశ్యమై ఉక్కుచేయి మాత్రము కనబడును. తమిళనాట ఆ క్రాండెల్ అను పేరు ఎవరికి కావలెను? మాయావి యనినచో చాలును. మేము ఫాంటమును ఇంగ్లీషులోను, మాయావిని తమిళములోను, చందమామను తెలుగులోను చదివితిమి. అద్దె పుస్తకముల అంగడిలో మొదటి రెండును దొరకెడివి. మూడవదానిని ఇంటికి తెప్పించెడివారు. 1947 జూలైలో నాగిరెడ్డి చక్రపాణిగార్లు మద్రాసునుండి తెలుగు, తమిళములలో ఒకేసారి ప్రారంభించిన ఆ పత్రికయే మా వీధిలోని పిల్లలలో పలువురకు తెలుగు లిపి నేర్పినది. బడిలో తెలుగు లేదు. బేతాళుని ప్రశ్నకు జవాబు తెలియవలెనన్నచో అక్షరములు కూడబలుకుకొనక తప్పదు. ఇనుపచేయి ఎంత బలమైనదైనను ఆ పని చేయలేకపోయెను.

తెలుగువారు తామును సూపర్‌మ్యాన్‌ను తీసిరి. 1980లో ఆ పేరుతోనే వచ్చిన చిత్రమున ఎన్.టి. రామారావుగారు నటించిరి. అందు వీరునికి బలమిచ్చినది క్రిప్టాన్ కాదు, ఆంజనేయస్వామి. 2024లో వచ్చిన హనుమాన్ చిత్రమును ఆ త్రోవనే పట్టినది. ఇది సహజము. హనుమంతుడు తన బలమును తాను మఱచియుండగా, జాంబవంతుడు అతని పుట్టుకను, పేరును చెప్పి గుర్తుచేయును; అపుడుగాని సముద్రము దాటడు. పేరెత్తి పిలుచువాడు లేనిచో ఎంతటి బలమైనను ఒడ్డునే కూర్చుండును.

పేరెత్తి పిలువబడని ఆ ఇద్దఱు క్లీవ్‌లండ్‌వారి సంగతి చెప్పవలసియున్నది. సీగెల్, షుస్టర్లు 1947లో వ్యాజ్యము వేసిరి. మఱుసటి ఏట కొంత సొమ్ముతో రాజీ అయినది. కాని సూపర్‌మ్యాన్ పుస్తకములనుండి వారి పేర్లు తీసివేయబడెను. కొన్నాళ్లకు సీగెల్ మరల ఆ సంస్థకే సూపర్‌మ్యాన్ కథలు వ్రాసెను. పుటపై పేరు లేదు. 1975 నాటికి అతడు లాస్ ఏంజెలెస్‌లో గుమాస్తాగా, టైపు కొట్టుచు జీవించుచుండెను. క్లార్క్ కెంట్‌ను ఊహించినవాడు కన్నులజోడుతో, బల్లవెనుక, నిజముగా గుమాస్తా అయ్యెను. మార్చుకొనుటకు రెండవ దుస్తులు మాత్రము లేవు. షుస్టర్‌కు చూపు మందగించి బొమ్మలు గీయుట ఎన్నడో మానెను. సూపర్‌మ్యాన్ చలనచిత్రమునకు కోట్ల డాలర్లు వెచ్చింపబోవుచున్నారని విని, సీగెల్ పత్రికలకు ఒక దీర్ఘమైన ప్రకటన వ్రాసి, ఆ చిత్రమును శపించెను. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ అను చిత్రకారులు వారి పక్షమున నిలిచిరి. ఆ సంవత్సరము డిసెంబరులో సంస్థ దిగివచ్చి, ఒక్కొక్కరికి ఏటికి 20,000 డాలర్ల జీవితకాలపు భృతియు, వైద్యపు ఖర్చులకు భీమాయు ఒప్పుకొనెను. అంతకంటె ముఖ్యముగా, ప్రతి పుస్తకమునను వారి పేర్లు ముద్రించుటకు ఒప్పుకొనెను. పింఛను మంజూరైన దినమున మనిషి ముఖము ఎట్లుండునో నేను పలువురి విషయమున చూచియున్నాను. పేరు తిరిగి వచ్చిన దినమున ఎట్లుండునో ఊహింపవలసినదే. షుస్టర్ 1992లోను, సీగెల్ 1996లోను మరణించిరి.

బ్యాట్‌మ్యాన్ సంగతిలో ఇంకను ఆలస్యమైనది. 1939లో ఆ వీరుడు వెలువడినపుడు బాబ్ కేన్ తన పేరొక్కటే ఒప్పందములో వ్రాయించుకొనెను. ముసుగు రూపము, బూడిదరంగు దుస్తులు, గోథమ్ నగరమను పేరు, తొలి కథలు ఇచ్చినవాడు బిల్ ఫింగర్. అతడు 1974లో పేదవాడుగా మరణించెను. 2015 నుండి పుస్తకములలోను చిత్రములలోను బాబ్ కేన్ పేరు ప్రక్కన బిల్ ఫింగర్ పేరును చేర్చుచున్నారు. అప్పటికి అతడు పోయి 41 ఏండ్లు. బకాయిల సంగతి ఆ పంక్తిలో లేదు.